పాడైందా సరే, ఎటు పాడైంది? ఒక సోడియం ఛానల్ కేసు

పుట్టిన మూడో రోజున ఫిట్స్ మొదలైన పసికందు కేసు ఇది. మందులు మారుస్తున్నా పూర్తిగా అదుపులోకి రాకపోవడంతో బిడ్డవి, తల్లిదండ్రులవి కలిపి మూడు నమూనాలు మా ల్యాబ్‌కు వచ్చాయి. సీక్వెన్సింగ్‌లో బయటపడిన వేల మార్పుల్లో జబ్బుకు కారణమైనది ఏదో వెతికి, దాని మీద రిపోర్ట్ రాయడం నా పని. కుటుంబం గోప్యత కోసం బిడ్డ వివరాలు గానీ, మార్పు ఉన్న కచ్చితమైన స్థానం గానీ ఇక్కడ చెప్పడం లేదు.

ముగ్గురి ఎక్సోమ్‌లు, అంటే డీఎన్‌ఏలో ప్రోటీన్లకు సూచనలిచ్చే భాగాలు, పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానించదగ్గ మార్పు ఒక్కటే మిగిలింది. ఎస్‌సీఎన్2ఎ అనే జన్యువులో ఒక డీఎన్‌ఏ అక్షరం మారింది. దాంతో ప్రోటీన్‌లో గ్లైసిన్ అనే చిన్న అమైనో ఆమ్లం ఒకటి పోయి, ఆ చోటులోకి పెద్ద సైడ్ చైన్ (గొలుసు నుంచి పక్కకు పొడుచుకొచ్చే భాగం) ఉన్న అమైనో ఆమ్లం వచ్చింది. ఈ మార్పు తల్లిలో లేదు, తండ్రిలో లేదు, బిడ్డలోనే కొత్తగా పుట్టింది. మామూలు జనాభా డేటా ఉండే నోమాడ్‌లో కనిపించలేదు. జబ్బులతో ముడిపడ్డ మార్పులను నమోదు చేసే క్లిన్‌వార్‌లోనూ అప్పటికి ఎవరూ నమోదు చేయలేదు.

ఈ జన్యువు తయారుచేసేది నావ్1.2 అనే సోడియం ఛానల్. 2005 అమైనో ఆమ్లాల పొడవైన గొలుసు మెదడు కణం పొరలో నాలుగు డొమైన్లుగా ముడుచుకుంటుంది. ఒక్కో డొమైన్‌లో పొరను దాటే సెగ్మెంట్లు ఆరు. వోల్టేజ్ మారగానే ఛానల్ తెరుచుకుని సోడియంను లోపలికి వదలాలి. మిల్లీసెకన్లలోనే తనంతట తాను మూసుకుపోవాలి. తెరుచుకోకపోతే ఒక జబ్బు, మూసుకోకపోతే ఇంకో జబ్బు.

ప్రాథమిక ఫలితం ఫోన్‌లో చెప్పగానే అవతలి నుంచి న్యూరాలజిస్ట్ గారు అడిగిన మొదటి మాట ఇది: "సోడియం ఛానల్ అంటున్నారు కదా, మరి ఫెనిటోయిన్ ఆపేయనా?"

ఆమె టెన్షన్‌కు కారణం ఉంది. ఫెనిటోయిన్, కార్బమాజెపిన్ లాంటివి సోడియం ఛానళ్లను అడ్డుకునే మందులు. షార్లెట్ డ్రావే 1978లో వర్ణించిన డ్రావే సిండ్రోమ్‌లో ఇవి ఫిట్స్‌ను పెంచుతాయి. ఆ జబ్బుకు ఎక్కువ మందిలో కారణం ఎస్‌సీఎన్1ఎ జన్యువని 2001లో తేలింది. అక్కడ ఛానల్ పని తగ్గిపోతుంది. అదీ మెదడులో బ్రేకులు వేసే నాడీకణాల్లో తగ్గుతుంది. అసలే బలహీనపడ్డ బ్రేకును మందుతో ఇంకా అణిచేస్తే ఏమవుతుందో పిల్లల న్యూరాలజిస్టులందరికీ తెలుసు. ఎస్‌సీఎన్2ఎ కథ వేరు. 2017లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, మూడు నెలల లోపు ఫిట్స్ మొదలైన పిల్లల్లో ఛానల్ పని సాధారణంగా పెరిగి ఉంటుంది, సోడియం ఛానల్ మందులు వాళ్లకు మేలు చేస్తాయి. ఆ తర్వాత మొదలైన వాళ్లలో సాధారణంగా పని తగ్గి ఉంటుంది, అవే మందులు ఉపయోగపడవు, కొన్నిసార్లు చెడు చేస్తాయి.

అంటే నా రిపోర్ట్ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ మార్పు నిజంగా హాని చేసేదేనా? చేస్తే, ఛానల్ పని పెరిగిందా, తగ్గిందా?

మొదటి ప్రశ్నకు పరిణామం ఇచ్చే సమాధానం

ఒకే ప్రోటీన్ చేపలో ఉంది, కప్పలో ఉంది, పక్షిలో, ఎలుకలో, మనిషిలో ఉంది. కోట్ల ఏళ్లుగా దానిలో మార్పులు వస్తూనే ఉన్నాయి. తట్టుకోగలిగినవి మిగిలాయి, తట్టుకోలేనివి ఆ జీవితో పాటే పోయాయి. ఈ ప్రోటీన్లన్నిటినీ వరుసలుగా పేర్చి, సమానమైన స్థానాలు ఒకే కాలమ్‌లోకి వచ్చేలా సర్దితే వచ్చేది అలైన్‌మెంట్. ప్రకృతి చేసిన ప్రయోగాల ఫలితాల పట్టిక అది. ఈ పట్టిక చదివి మార్పు హానికరమో కాదో అంచనా వేసే టూల్స్ ఉన్నాయి. వాటిలో 2001లో వచ్చిన సిఫ్ట్ ఒక్కో కాలమ్‌ను విడిగా చూసేది. 2017 నాటి ఈవీమ్యుటేషన్ స్థానాలను జంటలుగా చూసింది, అంటే ఇక్కడ మార్పు నడవాలంటే అక్కడ ఏముండాలో కూడా లెక్కలోకి తీసుకుంది. 2021లో డెబొరా మార్క్స్, యారిన్ గాల్ బృందాలు ప్రచురించిన ఈవ్ మోడల్ మొత్తం వరుసను ఒకేసారి నేర్చుకుంటుంది. జబ్బులతో సంబంధమున్న 3,219 జన్యువుల్లో 3.6 కోట్లకు పైగా మార్పులకు అది స్కోర్లు ఇచ్చింది.

జంటలుగా చూడటం ఎందుకు ముఖ్యమో సోడియం ఛానళ్లలోనే చక్కటి ఉదాహరణ ఉంది. మొదటి డొమైన్ రంధ్రం దగ్గర ఒక స్థానంలో మెదడు, కండరం ఛానళ్లలో టైరోసిన్ గానీ ఫినైలలనిన్ గానీ ఉంటుంది. గుండె ఛానల్ నావ్1.5లో అక్కడ సిస్టీన్ ఉంటుంది. అందుకే పఫర్ చేప విషం టెట్రోడోటాక్సిన్ గుండె ఛానల్‌ను అంత తేలిగ్గా పట్టుకోలేదు. ఆ విషాన్ని తన ఒంట్లోనే మోసే పఫర్ చేప ఛానళ్లలోనూ అదే చోట మార్పులున్నాయి. కాలమ్‌ను మాత్రమే చూస్తే ఇక్కడ ఏదైనా నడుస్తుందనిపిస్తుంది. నిజానికి చుట్టూ ఉన్న మిగతా స్థానాలతో కుదిరితేనే నడుస్తుంది.

ఈవ్ తరహా మోడళ్లను నేను ఇష్టపడటానికి అసలు కారణం మాత్రం వేరే ఉంది. ఏది జబ్బు మార్పు, ఏది కాదు అన్న డాక్టర్ల లేబుళ్లు వాటికి ఎవరూ నేర్పలేదు. లేబుళ్ల మీద శిక్షణ పొందిన టూల్‌ను ఆ లేబుళ్లున్న డేటాతోనే పరీక్షిస్తే మార్కులు బాగానే వస్తాయి. ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థికి వచ్చిన మార్కుల్లాంటివి అవి. పరిణామం మాత్రమే నేర్చుకున్న మోడల్‌కు ఆ సౌకర్యం లేదు, కాబట్టి అది చెప్పేది స్వతంత్ర సాక్ష్యం.

ఆ నమ్మకంతోనే మోడల్ నడిపాను. మా మార్పుకు వచ్చిన స్కోర్ అటూ ఇటూ కాకుండా మధ్యలో, అనిశ్చితం అన్న బుట్టలో పడింది.

తొమ్మిది అక్షరాలు

అంతటితో వదిలేయవచ్చు. "కంప్యూటర్ అంచనా స్పష్టంగా లేదు" అని రిపోర్ట్‌లో ఒక లైను రాస్తే ఎవరూ తప్పు పట్టరు. కానీ మార్పు ఉన్న చోటు నన్ను వదల్లేదు. మూడో డొమైన్‌ను నాలుగో డొమైన్‌తో కలిపే చిన్న లింకర్‌లో ఉంది అది. నావ్1.2లో అక్కడి వరుస, ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం చొప్పున (జి అంటే గ్లైసిన్), ఇలా సాగుతుంది: ఎఫ్, జి, జి, క్యూ, డి, ఐ, ఎఫ్, ఎమ్, టి. చివర్లో ఉన్న ఐ, ఎఫ్, ఎమ్ అనే మూడే ఛానల్‌ను మూసే గడియ. 1992లో ఈ మూడింటినీ గ్లుటమిన్‌లుగా మార్చి చూశారు, అదీ ఎలుక మెదడు నావ్1.2లోనే. ఛానల్ తెరుచుకుంది గానీ వేగంగా మూసుకోవడం దాదాపు పూర్తిగా పోయింది. మా బిడ్డలో మారిన గ్లైసిన్ ఆ గడియకు నాలుగడుగుల లోపే ఉంది. అలాంటి చోట మోడల్ తటపటాయించిందంటే మోడల్‌కు మనం పెట్టిన తిండిలోనే ఏదో తేడా ఉండాలి.

అలైన్‌మెంట్ ఫైల్ తెరిచి ఆ తొమ్మిది కాలమ్‌లను వరుస వెంట వరుస కళ్లతో చూసుకుంటూ వెళ్లాను. ఓపిక కావాల్సిన పని. స్కోర్ పట్టిక ఎన్నిసార్లు చూసినా కనిపించనివి మాత్రం అక్కడ కనిపించాయి.

మొదటిది కాల్షియం ఛానళ్లు. ఎక్కువ వరుసలు దొరకాలని వెతుకులాటలో పోలిక హద్దును బాగా వదులుగా పెట్టాను. సోడియం ఛానళ్లకు దూరపు చుట్టాలైన కాల్షియం ఛానళ్లు గుంపుగా లోపలికి వచ్చేశాయి. వాటికీ నాలుగు డొమైన్లున్నాయి, వోల్టేజ్‌ను పసిగట్టే నాలుగో సెగ్మెంట్లు, రంధ్రం కట్టే సెగ్మెంట్లు చక్కగా సరిపోతాయి. కానీ వాటి మూడు, నాలుగు డొమైన్ల మధ్య లింకర్‌లో ఐ, ఎఫ్, ఎమ్ గడియ లేదు. అవి మూసుకునే విధానమే వేరు. గడియే లేని ఛానల్‌లో గడియ పక్క గ్లైసిన్‌కు ఏ విలువా ఉండదు, అక్కడ ఏ అక్షరమైనా ఉండొచ్చు. మోడల్ ఆ వరుసలు చూసి, ఈ చోట మార్పులు మామూలేనని నేర్చుకుంది.

రెండోది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. విద్యుత్ చేపలు. చేపల వంశంలో పూర్వం జన్యువులన్నీ రెట్టింపైనప్పుడు కండరం సోడియం ఛానల్ నావ్1.4కు రెండు నకళ్లు మిగిలాయి. దక్షిణ అమెరికా విద్యుత్ చేపల్లో, ఆఫ్రికా విద్యుత్ చేపల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒక నకలు కండరంలో పని మానేసి విద్యుత్ అవయవానికి మారింది. హరొల్డ్ జాకన్, సహచరులు 2006లో దీన్ని ప్రచురించారు. కండరం బాధ్యత తప్పాక ఆ నకలు వేగంగా మారింది. మిగతా జంతువుల్లో కదలని స్థానాల్లో, ముఖ్యంగా ఛానల్ మూసుకోవడాన్ని శాసించే భాగాల్లో మార్పులు వచ్చాయి. చేప వదిలే విద్యుత్ సంకేతం ఎంతసేపు ఉండాలో దాన్ని బట్టే తేలుతుంది మరి. చేపకు అది వరం. అదే రకం మార్పు పసిబిడ్డ మెదడులో వస్తే ఫిట్స్. ప్రకృతి అనుమతించిందన్న మాట నిజమే, కాకపోతే అనుమతించింది వేరే ఉద్యోగానికి.

కాల్షియం ఛానళ్లను తీసేశాను. విద్యుత్ చేపల నకళ్లనూ తీసేశాను. లింకరే లేని బ్యాక్టీరియా ఛానళ్లు ఈ భాగంలో ఎలాగూ ఖాళీలే తప్ప సమాచారం ఇవ్వవు, వాటినీ పక్కన పెట్టాను. జంతువుల సోడియం ఛానళ్లతో మోడల్‌కు మళ్లీ మొదటి నుంచి శిక్షణ ఇస్తే మా మార్పు స్కోర్ స్పష్టంగా హానికరం వైపుకు వచ్చింది.

ఇక్కడ ఆగి నన్ను నేను నిలదీసుకోవాల్సి వచ్చింది. నచ్చిన స్కోర్ వచ్చేదాకా అలైన్‌మెంట్ మార్చుకుంటూ పోయానా? ఈ ప్రశ్న వేసుకోకుండా ఎవరైనా ఈ పని చేస్తే నేను ఆ ఫలితాన్ని నమ్మను. అందుకని బిడ్డ మార్పును పక్కన పెట్టేసి, పాత, కొత్త మోడళ్లు రెండింటినీ ముందే తేలిన మార్పుల మీద పరీక్షించాను. ఒక పక్క సోడియం ఛానల్ కుటుంబంలో జబ్బు చేస్తాయని స్థిరపడినవి, ఇంకో పక్క ఆరోగ్యవంతుల్లో తరచూ కనిపించేవి. వోల్టేజ్ సెన్సార్లలో, రంధ్రంలో రెండు మోడళ్లూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. లింకర్‌లో మాత్రం పాతది తడబడింది, కొత్తది విడదీయగలిగింది. కాల్షియం ఛానళ్లు ఎక్కడ మనలా ఉన్నాయో అక్కడ సాయపడ్డాయి, ఎక్కడ లేవో అక్కడ తప్పుదోవ పట్టించాయి.

వరుసలు తగ్గించడానికి మూల్యం కూడా ఉంది. దగ్గరి చుట్టాలే మిగిలితే, మారే అవకాశం ఇంకా రాని స్థానాలన్నీ మారకూడని స్థానాల్లా కనిపిస్తాయి. మోడల్ ప్రతిదానికీ హానికరం అనడం మొదలుపెడుతుంది. అందుకే కొత్త మోడల్‌ను ఆ లింకర్ వరకే వాడాను.

రెండో ప్రశ్నకు మోడల్ దగ్గర జవాబు లేదు

ఈ స్కోర్ ఎంత గట్టిగా ఉన్నా చెప్పేది ఒకటే: ఇలాంటి ఛానల్‌ను ప్రకృతి ఉంచుకోలేదు. తెరుచుకోని ఛానల్‌నూ ఉంచుకోలేదు, మూసుకోని ఛానల్‌నూ ఉంచుకోలేదు. రెండింటి స్కోరూ ఒకేలా కనిపిస్తుంది. 2023లో వచ్చిన ఆల్ఫామిస్సెన్స్ 7.1 కోట్ల మార్పులకు స్కోర్లు ఇచ్చింది, దానిదీ ఇదే పరిమితి. అయాన్ ఛానళ్ల విషయంలో ఇది చిన్న లోటు కాదు. మందు ఎంపిక మొత్తం దీని మీదే ఆధారపడుతుంది. హానికరం అన్న ఒక్క మాట చూసి సోడియం ఛానల్ మందు ఆపినా, మొదలుపెట్టినా ఆ నిర్ణయం గుడ్డిదే.

దిశ తెలియాలంటే అన్నదమ్ముల దగ్గరకు వెళ్లాలి. మనిషిలో వోల్టేజ్‌తో నడిచే సోడియం ఛానల్ జన్యువులు తొమ్మిది. పనిచేసే చోట్లు వేరైనా యంత్రం ఒకటే. మన కాలమ్‌లో, దాని ఇరుగుపొరుగున మిగతా ఎనిమిదింటిలో ఏం జరిగిందో చూశాను. కండరం ఛానల్ ఎస్‌సీఎన్4ఎలో ఇదే లింకర్‌లోని 1306వ గ్లైసిన్ మారినవాళ్లకు, 1313వ థ్రియోనిన్ మారినవాళ్లకు కండరం బిగుసుకుని వెంటనే వదలని జబ్బులు వస్తాయి. వీటిలో ఛానల్ సరిగ్గా మూసుకోక సోడియం లోపలికి కారుతూనే ఉంటుంది. గుండె ఛానల్ ఎస్‌సీఎన్5ఎలో ఇదే లింకర్ నుంచి 1505 నుంచి 1507 వరకు మూడు అమైనో ఆమ్లాలు ఊడిపోతే గుండె లయ తప్పే లాంగ్ క్యూటీ సిండ్రోమ్ మూడో రకం వస్తుంది. కారణం అదే, పూర్తిగా ఆగని సోడియం ప్రవాహం. కండరంలో బిగువు, గుండెలో లయ తప్పడం, మెదడులో ఫిట్స్. అవయవాన్ని బట్టి జబ్బు పేరు మారుతోంది, ఛానల్‌లో జరుగుతున్న తప్పు మాత్రం మారడం లేదు.

2018లో వెలువడిన మనిషి కండరం ఛానల్ నిర్మాణం కూడా దీనికి తోడు నిలిచింది. ఐ, ఎఫ్, ఎమ్ ముక్క రంధ్రంలోకే వెళ్లి మూతలా పడుతుందని చాలాకాలం అనుకున్నారు. నిర్మాణంలో అది రంధ్రం పక్కనున్న సందులో దూరి, అక్కడి నుంచి గేటును నొక్కిపెడుతూ కనిపించింది. ఆ సందులోకి మలుపు తిరిగి వెళ్లాలంటే పక్కన వంగే జాగా కావాలి. గ్లైసిన్‌కు సైడ్ చైన్ అంటే ఒక్క హైడ్రోజన్ పరమాణువే కాబట్టి గొలుసు అక్కడ తేలిగ్గా వంగుతుంది. ఆ చోటులో పెద్దదేదైనా కూర్చుంటే గడియ సరిగ్గా పడదని ఊహించడం కష్టం కాదు. ఊహ అనే రాస్తున్నాను, ఎందుకంటే నిర్మాణాన్ని చూసి ఎంత నమ్మకంగా కథ అల్లవచ్చో, అది తర్వాత ఎలా తప్పుతుందో నాకు అనుభవమే.

బిడ్డకు ఫిట్స్ మూడో రోజునే మొదలవడం మూడో సాక్ష్యం. సోడియం, కాల్షియం ఛానళ్లలో పని పెరిగిన మార్పులను, తగ్గిన మార్పులను వేరు చేసే టూల్‌ను హెన్రికె హైనె, సహచరులు 2020లో ప్రచురించారు. దాని సమాధానమూ పెరగడం వైపే వచ్చింది. కానీ అది నేర్చుకున్నదే నేను పైన చెప్పిన అన్నదమ్ముల ఉదాహరణల లాంటి వాటి నుంచి. అందుకని దాన్ని కొత్త సాక్ష్యంగా లెక్కలో కలపలేదు.

రిపోర్ట్‌లో ఏం రాశాను

వర్గీకరణ 2015 నాటి అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ జెనెటిక్స్ అండ్ జీనోమిక్స్, అసోసియేషన్ ఫర్ మాలిక్యులర్ పాథాలజీ మార్గదర్శకాల ప్రకారం చేశాం. తల్లిదండ్రుల్లో లేకుండా కొత్తగా రావడం బలమైన సాక్ష్యం, వాళ్లు ఆ బిడ్డ కన్నవాళ్లేనని నమూనాలతో నిర్ధారించుకున్నాకే దాన్ని లెక్కలోకి తీసుకున్నాం. కీలకమైన భాగంలో ఉండటం ఒక మోస్తరు సాక్ష్యం. జనాభాలో లేకపోవడాన్ని చిన్న సాక్ష్యంగానే లెక్కించాం. పరిణామ మోడల్ స్కోర్‌కు అన్నిటికంటే తక్కువ బరువు, సపోర్టింగ్ మాత్రమే ఇచ్చాను. 2022లో జన్యు మార్పుల వర్గీకరణకు ప్రమాణాలు పెట్టే క్లిన్‌జెన్ బృందం కొన్ని టూల్స్‌ను కొలిచి, ఏ స్కోర్‌కు ఎంత బరువో చెప్పింది. నేను సొంతంగా అలైన్‌మెంట్ మార్చి శిక్షణ ఇచ్చిన మోడల్‌కు అలాంటి కొలత లేదు. పైగా కీలక భాగం అన్న సాక్ష్యం, మోడల్ స్కోర్ రెండూ చాలావరకు ఒకే విషయాన్ని చెబుతాయి. ఒకే రూపాయిని రెండు జేబుల్లో లెక్కపెట్టకూడదు. తేలిన వర్గం: జబ్బుకు కారణమయ్యే అవకాశం ఎక్కువ.

దిశ గురించి వేరే పేరా రాశాను. ఛానల్ పని పెరిగిందనే వైపు ఏ సాక్ష్యాలున్నాయో ఒక్కొక్కటిగా చెప్పి, ఇది ఇంకా ప్రయోగంలో తేలలేదని స్పష్టంగా పెట్టాను. ఆ పేరాను వర్గీకరణలో కలిపేయకుండా విడిగా ఉంచడం నాకు ముఖ్యం. చదివే డాక్టర్ రెండింటినీ ఒకే గట్టిదనంతో తీసుకోకూడదు.

న్యూరాలజిస్ట్ గారితో మళ్లీ ఫోన్‌లో మాట్లాడాను. "ఆపమని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదండీ. ఉన్న ఆధారాలన్నీ రెండో వైపే ఉన్నాయి" అన్నాను. ఆమె కాసేపు ఆగి, "మోడల్ చెప్పిందా, మీరు చెబుతున్నారా?" అని అడిగారు. హానికరమని మోడల్ చెప్పిందని, ఏ వైపో చెబుతున్నది కండరం, గుండె ఛానళ్ల రోగులని చెప్పాను. ఫెనిటోయిన్‌ను కొనసాగిస్తూ, రక్తంలో దాని స్థాయి చూసుకుంటూ డోసు సరిచేయాలని ఆమె నిర్ణయించారు. తర్వాతి వారాల్లో ఫిట్స్ బాగా తగ్గాయి. ఒక్క బిడ్డలో వచ్చిన మార్పు చూసి ఇదంతా మా విశ్లేషణ గొప్పతనమని నేను అనను. పసిపిల్లల ఫిట్స్ కొన్ని వాటంతటవే తగ్గుతాయి కూడా.

ఛానల్ గుండా వెళ్లే విద్యుత్ ప్రవాహాన్ని నేరుగా కొలిచే ప్యాచ్ క్లాంప్ ప్రయోగం ఫలితం నెలల తర్వాత వచ్చింది. మార్పు ఉన్న ఛానల్‌ను ల్యాబ్‌లో పెంచే హెచ్‌ఈకే అనే మనిషి కణాల్లో పెట్టి కొలిచారు. తెరుచుకోవడంలో పెద్ద తేడా లేదు. మూసుకోవడం నెమ్మదించింది, మూసుకున్నాక కూడా కొంత ప్రవాహం మిగిలిపోతోంది. అనుకున్న వైపే.

అప్పటి నుంచి అయాన్ ఛానల్ కేసులకు మా పద్ధతిలో కొన్ని మార్పులు చేశాం. మార్పు ఉన్న భాగం చుట్టూ అలైన్‌మెంట్‌ను ఒక మనిషి కళ్లతో చూడకుండా స్కోర్ రిపోర్ట్‌లోకి వెళ్లదు. ఉద్యోగం మారిన నకళ్ల జాబితా ఒకటి కడుతున్నాం, విద్యుత్ చేపలు దానిలో మొదటి పేరు. మొదటి, రెండో డొమైన్ల మధ్య ఉండే పొడవాటి లింకర్ లాంటి చోట్ల, సగానికి సగం ఖాళీలే ఉన్న కాలమ్‌లలో, స్కోర్ వచ్చినా రాయం. ఎక్సాన్ (జన్యువులో ప్రోటీన్ సూచనలున్న ముక్క) అంచున ఉన్న మార్పులను ముందు స్ప్లైసింగ్, అంటే ఆ ముక్కలను అతికించే పని, చెడిందేమోనని చూస్తాం, ప్రోటీన్ వరుసలు చదివే మోడల్‌కు ఆ నష్టం కనిపించనే కనిపించదు. నాలుగు ముక్కలు కలిసి ఒక్క ఛానల్‌గా ఏర్పడే కేసీఎన్‌క్యూ2 లాంటి పొటాషియం ఛానళ్లలో ఇంకో చిక్కుంది. సగం ముక్కలు చెడ్డవైతే నాలుగూ మంచివే పడే అవకాశం పదహారింట ఒకటి, కాబట్టి పని తగ్గడం కూడా సగంతో ఆగకపోవచ్చు. అక్కడ దిశతో పాటు ఎంత అన్నదీ అడగాలి.

ఈ కేసులో ఒక పని ఇంకా మిగిలి ఉంది. ఎస్‌సీఎన్2ఎకు ఐదో ఎక్సాన్‌లో రెండు రూపాలున్నాయి. పుట్టిన కొత్తలో మెదడు ఒకటి ఎక్కువగా వాడుతుంది, పెరిగేకొద్దీ రెండోదానికి మారుతుంది. ప్యాచ్ క్లాంప్ చేసింది పెద్దల రూపంలో. ఫిట్స్ మొదలైన మూడో రోజున బిడ్డ మెదడులో ఎక్కువగా ఉన్నది పసి రూపం. అదే మార్పును పసి రూపంలో పెట్టి మళ్లీ కొలవమని నమూనా పంపాం.